కెమెరా ఎందుకంత ఊగింది? ‘క్లోవర్‌ఫీల్డ్’పై పాఠకుల ప్రశ్నలు

2008 జనవరిలో విడుదలైన ‘క్లోవర్‌ఫీల్డ్’పై మీ అభిప్రాయాలు రాయమని అడిగాం. సగం ఉత్తరాలు నెత్తిన పెట్టుకున్నాయి, సగం పెదవి విరిచాయి. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: రాబ్ అనే కుర్రాడు ఉద్యోగం మీద జపాన్ వెళ్తున్నాడని న్యూయార్క్‌లో స్నేహితులు వీడ్కోలు పార్టీ ఇస్తారు. అందరి శుభాకాంక్షలూ రికార్డు చేసే పని హడ్ అనే మిత్రుడి నెత్తిన పడుతుంది. అంతలో ఊరి మీద ఓ భారీ జీవి విరుచుకుపడుతుంది. అందరూ పారిపోతుంటే రాబ్ మాత్రం తను ప్రేమించిన బెత్ కోసం వెనక్కి నడుస్తాడు, మిత్రులు వెంట వెళ్తారు, హడ్ కెమెరా ఆపడు. తర్వాత సైన్యానికి దొరికిన ఆ రికార్డింగే మనం చూసే సినిమా. మ్యాట్ రీవ్స్ దర్శకుడు, డ్రూ గొడార్డ్ రచయిత, జె.జె. అబ్రమ్స్ నిర్మాత.

ఇలా ‘దొరికిన వీడియో’ పద్ధతిలో తీసే సినిమాకి షరతు ఒక్కటే. కెమెరా కథలోని మనిషి చేతిలో ఉండాలి, ఆ చేతికి అందనిది తెర మీదకి రాకూడదు. మీరు రాసిన మెప్పులూ తిట్లూ దాదాపు అన్నీ ఆ షరతు చుట్టూనే తిరిగాయి.

పావుగంటకే కడుపులో తిప్పింది. సినిమా పూర్తిగా చూడలేకపోయాను. లోపం నాదా, సినిమాదా? (పాఠకురాలు, తెనాలి)

మీదైతే కాదు. విడుదలైనప్పుడు అమెరికాలో కొన్ని థియేటర్లు టికెట్ కౌంటర్ల దగ్గరే ‘ఈ సినిమా చూస్తే కళ్లు తిరగవచ్చు’ అని బోర్డులు పెట్టాయి. కళ్లేమో ‘పరిగెడుతున్నాం’ అంటాయి, లోపలి చెవిలో తూకం చూసే భాగమేమో ‘కదలకుండా కూర్చున్నాం’ అంటుంది. ఈ రెండు కబుర్లూ కలవకపోతే వికారం మొదలవుతుంది. ఘాట్ రోడ్డులో డ్రైవరుకి వాంతి రాదు, వెనక సీట్లోవాళ్లకి వస్తుంది. బండి ఎటు తిరగబోతోందో డ్రైవరుకి ముందే తెలుసు కదా. ఈ సినిమాలో స్టీరింగు హడ్ చేతిలో ఉంది, మీరు వెనక సీట్లో ఉన్నారు.

మళ్లీ చూడాలనుకుంటే మొదట దూరం సరిచూసుకోండి. 43 అంగుళాల టీవీని మీటరున్నర దూరం నుంచి చూస్తే తెర మీ చూపులో 35 డిగ్రీల మేర పరుచుకుంటుంది. రెండున్నర మీటర్లకి జరిగితే 21, 22 డిగ్రీలకు తగ్గుతుంది. చుట్టూ కదలని గోడ, బీరువా, తలుపు కనిపిస్తుంటే మెదడుకి ఓ ఆధారం దొరుకుతుంది. అందుకే గదిలో లైటు వెలుగుతూ ఉండాలి. ఇలాంటి సినిమాని చీకట్లో చూడాలన్న సలహా భయం కోసం ఇచ్చేది, కడుపు కోసం కాదు. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ ఉంటే ఆపేయండి. అది లేని ఫ్రేములు కల్పించి మధ్యలో పెడుతుంది, కెమెరా విసురుగా తిరిగినప్పుడు వస్తువుల అంచులు కరిగిపోయినట్టు కనిపించి ఇబ్బంది పెరుగుతుంది. థియేటర్‌లో అయితే చివరి మూడు నాలుగు వరసల్లో, మధ్య సీట్లు తీసుకోండి.

ఖాళీ కడుపూ మంచిది కాదు, బిర్యానీ తిని కూర్చోవడమూ మంచిది కాదు. వికారం మొదలవగానే తెర మీంచి చూపు తప్పించి ఏదైనా కదలని వస్తువుని రెండు నిమిషాలు చూడండి. పంతానికి పోయి చూస్తూ కూర్చుంటే తర్వాత సినిమా ఆపినా గంటసేపు తగ్గదు. బస్సు ప్రయాణానికి వేసుకునే మాత్రలు అరగంట, గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తాయి, పైగా నిద్ర తెప్పిస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

ఇక సినిమా తప్పు గురించి. బ్రూక్లిన్ బ్రిడ్జి మీద తోపులాటలో ఊపు ఉండాల్సిందే. మొదటి ఇరవై నిమిషాల పార్టీలో మాత్రం అంత అక్కర్లేదు. అక్కడ ఊపు కాస్త తగ్గించి ఉంటే ప్రేక్షకుడికి అసలు హడావుడి మొదలయ్యేసరికి ఓపిక మిగిలేది.

ప్రాణం మీదికొస్తే కెమెరా ఎవరైనా పట్టుకుని తిరుగుతారా? (పాఠకుడు, కరీంనగర్)

అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. హడ్ నోట రచయిత ఓ సమాధానం చెప్పించాడు: ఇదంతా ఎలా జరిగిందో రేపు జనం చూడాలనుకుంటారు అంటాడతను. ఆ మాటకంటే బలమైన సమాధానం మరోచోట ఉంది. లిబర్టీ విగ్రహం తల ఎగిరొచ్చి వీధిలో దొర్లి ఆగుతుంది. దుమ్ము ఇంకా సర్దుకోకముందే నలుగురూ దాని చుట్టూ చేరి సెల్‌ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తుంటారు. మాటల్లేవు, ఎవరూ ఎవరికీ వివరించరు. ఐఫోన్ మార్కెట్లోకొచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఇవాళ యాక్సిడెంట్ జరిగినచోట మన జనం చేసేది చూస్తూ, హడ్ కెమెరా ఎందుకు పారేయలేదని అడగడం కష్టం.

అయినా మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సొరంగంలో, భారీ జీవి ఒంటి మీంచి రాలిన పురుగుల్లాంటి చిన్న జీవులు మీద పడి కరుస్తున్నప్పుడూ ఫ్రేము అంత చక్కగా కుదరడం నమ్మించదు. వాటిని చూడటానికి కెమెరాలోని నైట్ విజన్ పెట్టుకోవడం వరకూ బాగుంది, అక్కడ కెమెరా వాళ్లకి నిజంగా అవసరం. ఈ పద్ధతిలో సినిమా తీసేవాళ్లు నేర్చుకోవాల్సిందిదే. కెమెరాని దీపంగానో, దారి వెతికే సాధనంగానో వాడుకుంటే ‘పారేయరేం’ అన్న ప్రశ్న పుట్టదు.

లిబర్టీ తల అంత పెద్దదా? (పాఠకుడు, ఒంగోలు)

కాదు. అసలు విగ్రహానికి గడ్డం నుంచి నడినెత్తి దాకా 17 అడుగుల 3 అంగుళాలు, అడ్డంగా 10 అడుగులు. 2007లో వచ్చిన తొలి ట్రైలర్‌లో అసలు కొలతకి దగ్గరగా పెడితే ‘తల మరీ చిన్నదిగా ఉంది’ అని ప్రేక్షకులే గోల చేశారు. సినిమాకొచ్చేసరికి సుమారు 50 శాతం పెంచారు. దూరం నుంచి దీవి మీద చూసే విగ్రహాన్ని మనసు చాలా పెద్దదిగా ఊహించుకుంటుంది. నిజం చూపిస్తే అబద్ధంలా కనిపించింది మరి.

డబ్బిచ్చి చూసేది ఆ జీవి కోసం. సరిగ్గా చూపించనేలేదు. బడ్జెట్ చాలకనా? (పాఠకుడు, నెల్లూరు)

ఖర్చు సుమారు 2.5 కోట్ల డాలర్లు. హాలీవుడ్ భూతాల సినిమాలకి అది తక్కువే, కాబట్టి దాచడంలో పొదుపు కూడా ఉంది. కానీ బొమ్మలో లోటు చేయలేదు. జీవి రూపం గీసినవాడు నెవిల్ పేజ్. దాన్ని కదిలించింది టిప్పెట్ స్టూడియో, ఊరి విధ్వంసంలో ఎక్కువ భాగం డబుల్ నెగెటివ్ అనే గ్రాఫిక్స్ సంస్థ చూసుకుంది. అది తల్లి నుంచి విడిపోయిన పసి జీవి అనీ, బెదిరిపోయి అల్లకల్లోలం చేస్తోందనీ దర్శకుడు చెప్పాడు. సినిమాలో ఆ మాట ఎక్కడా వినపడదు. హడ్‌కి తెలిసే అవకాశం లేదు కనుక వినపడకపోవడమే సరి.

జీవి కనిపించే తీరు గమనించండి. ముందు భవనాల సందులో ఓ కాలు, ఓ పక్క దేహం. తర్వాత దుకాణంలోని టీవీ వార్తల్లో ఇంకాస్త. హెలికాప్టర్ ఎక్కాక పైనుంచి పూర్తి ఆకారం. ఇక్కడిదాకా ప్రతిసారీ అది కనపడటానికి కథలో కారణం ఉంది, కనపడకపోవడానికీ ఉంది. మాకు మింగుడుపడనిది చివర్లో సెంట్రల్ పార్కు సీను. అంతదాకా అడుగేస్తే వీధులదిరిన జీవి ఉన్నట్టుండి చప్పుడు లేకుండా హడ్ నెత్తిమీద ప్రత్యక్షమవుతుంది. ముఖం చూపించాలన్న తొందరలో అంతకుముందు తామే పెట్టుకున్న లెక్క మరిచారు.

లెక్క అంటే నిజంగా లెక్కే. జీవి ఎంత పెద్దదైతే అంత నిదానంగా కదిలినట్టు ఉండాలి, ఎందుకంటే పడే వేగం గురుత్వాకర్షణ చేతిలో ఉంది. ఎత్తు ఎన్ని రెట్లో, దాని వర్గమూలమంత రెట్లు కదలికకి సమయం పెరుగుతుంది. 1.7 మీటర్ల మనిషి అడుగుకి అరసెకను పడితే, 100 మీటర్ల జీవి మనిషికి 59 రెట్లు. 59కి వర్గమూలం 7.7. అంటే దాని అడుగుకి నాలుగు సెకన్ల దాకా పట్టాలి. ఇది తప్పితే ఎంత బాగా గీసిన జీవి అయినా రబ్బరు తొడుగు వేసుకున్న మనిషిలా గెంతుతుంది. బొమ్మ ఊళ్లు కట్టి తీసే పాత పద్ధతిలోనూ ఇదే సూత్రం: 16వ వంతు నమూనాని మామూలుకి నాలుగు రెట్ల వేగంతో, అంటే సెకనుకి 96 ఫ్రేములతో తీసి నిదానంగా ఆడిస్తారు.

రాత్రంతా బ్యాటరీ ఎలా వచ్చింది? (పాఠకుడు, ఖమ్మం)

రాత్రంతా రాలేదు, రానక్కర్లేదు కూడా. సినిమా నిడివి 85 నిమిషాలు. చివరి పేర్లు తీసేస్తే రికార్డింగు గంటా పావు దాటదు. కెమెరా ఆన్ అయి ఉన్నది అంతసేపే అనుకోవాలి. ఆనాటి చిన్న క్యామ్‌కార్డరుకి పెద్ద బ్యాటరీ వేసుకుంటే అంతసేపు నడుస్తుంది. లైటు వేసుకుని, నైట్ విజన్ పెట్టుకుని తిరిగితే తొందరగా అయిపోవాలన్నది మాత్రం నిజం. తమాషా ఏమిటంటే, కెమెరా బ్యాటరీని పట్టించుకోని సినిమా ఫోన్ బ్యాటరీని మాత్రం కథలోకి తెచ్చింది. రాబ్ ఫోన్ ఆగిపోతుంది, బెత్ ఏం చెప్పిందో వినడానికి జనం లూటీ చేస్తున్న దుకాణంలో దూరి కొత్త బ్యాటరీ వెతుక్కుంటాడు.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, ఎవరూ అడగలేదు. మధ్యమధ్యలో రాబ్, బెత్ కలిసి గడిపిన పాత రోజు తళుక్కుమంటుంది. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కించగా అక్కడక్కడా మిగిలిన ముక్కలవి. టేపు మీదైతే ఇది నూటికి నూరుపాళ్లు జరిగేదే. రికార్డింగు ఆపి, వెనక్కి తిప్పి చూసుకుని, మళ్లీ కాస్త ముందుకెళ్లి మొదలుపెడితే ఆ మధ్య జాగాలో పాతది అలాగే ఉండిపోతుంది. కానీ సినిమా మొదట్లో సైన్యం వేసిన చీటీలో ఉన్నది ఎస్‌డీ కార్డు. కార్డులో ప్రతి ముక్కా వేరే ఫైలు, ఒకదాని సందులోంచి ఇంకోటి తొంగిచూడదు. కథకి ప్రాణం లాంటి ఎత్తుగడ టేపుది, పేరు మాత్రం కార్డుది. ఆ చీటీలో ఒక్క మాట మారిస్తే సరిపోయేది.

సంగీతం లేని సినిమా ఏమిటి? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

దొరికిన వీడియోకి వయొలిన్లు ఎవరు వాయిస్తారు? పార్టీలో మోగే పాటలు తప్ప కథలో నేపథ్య సంగీతం లేదు. చివరి పేర్లప్పుడు మాత్రం మైకేల్ జియాకినో కట్టిన ‘రోర్!’ వస్తుంది. అప్పుడే టీవీ ఆపేయకండి. అది పాత జపాన్ గాడ్జిల్లా సినిమాల సంగీతానికి చేసిన నమస్కారం. అబ్రమ్స్‌కి ఈ ఆలోచన తట్టింది కూడా కొడుకుతో జపాన్ వెళ్లి అక్కడి బొమ్మల దుకాణంలో గాడ్జిల్లా బొమ్మలు చూసినప్పుడే.

దుమ్ము మేఘం, గాలిలో కాగితాలు, బూడిద కప్పుకుని నడిచే జనం... 2001 సెప్టెంబర్ 11ని వాడుకున్నట్టు అనిపించి బాధేసింది. (పాఠకురాలు, న్యూజెర్సీ)

మీరు ఉండే చోటు నుంచి చూస్తే ఆ బాధ సహజం. అమెరికాలో విడుదలప్పుడే ఇదే మాట కొందరు విమర్శకులు రాశారు. జనం దుకాణంలోకి దూరి, గాజు తలుపు బయట బూడిద రంగు గోడ ఒకటి వీధి పొడవునా దూసుకుపోవడం చూసే దృశ్యం ఆనాటి టీవీ దృశ్యాల్ని తలపించడం యాదృచ్ఛికం కాదు.

మా అభిప్రాయం రెండు ముక్కలుగా ఉంది. 1954లో జపాన్ తీసిన తొలి గాడ్జిల్లా అణుబాంబుల గాయం మీదే నిలబడింది. ఊరు ఊరంతా పడిన దెబ్బని భూతం కథగా చెప్పుకోవడం కొత్తా కాదు, తప్పూ కాదు. అయితే ఆ జపాన్ సినిమా గాయం గురించి ఆగి మాట్లాడుతుంది: ఆసుపత్రి వరండాలు చూపిస్తుంది, ఆయుధం వాడాలా వద్దా అని శాస్త్రవేత్త చేత మథనపడేలా చేస్తుంది. ‘క్లోవర్‌ఫీల్డ్’ ఆ రూపురేఖల్ని అరువు తెచ్చుకుని పరుగెత్తుకుంటూ వెళ్లిపోతుంది. వీధిలో ఉన్న మనిషికి ఆ క్షణంలో అర్థం ఏమీ తెలియదు కనుక అదే నిజాయితీ అని వాదించవచ్చు. ఆ వాదనకి సగం మార్కులిస్తాం.

హిట్టా, ఫ్లాపా? మా ఇంట్లో పందెం. (పాఠకుడు, అనంతపురం)

హిట్టే. ప్రపంచమంతా కలిపి సుమారు 17 కోట్ల డాలర్లు, పెట్టుబడికి ఆరు రెట్లు పైనే. కానీ అమెరికాలో మొదటి వారాంతం 4 కోట్లు తెచ్చి, రెండో వారాంతానికి దాదాపు 68 శాతం పడిపోయింది. పేరైనా వేయకుండా 1-18-08 అన్న తేదీ మాత్రమే చూపించిన ట్రైలర్ జనాన్ని మొదటి మూడు రోజుల్లోనే లాగేసింది. బయటికొచ్చినవాళ్ల మాట మిగతావాళ్లని ఆపేసింది. పందెం డబ్బు ఎవరికివ్వాలో మీరే తేల్చుకోండి.

చివరి షాట్‌లో సముద్రంలో ఏదో పడిందంటారు. మాకు కనపడలేదు. (పాఠకులు, సూర్యాపేట)

కోనీ ఐలాండ్ రంగులరాట్నం మీద రాబ్, బెత్ మాట్లాడుకుంటుంటే కెమెరా సముద్రం వైపు తిరుగుతుంది. తెర కుడివైపు, దూరంగా, ఆకాశం నుంచి చిన్న చుక్క ఒకటి నీళ్లలో పడుతుంది. ఫోన్‌లో చూస్తే దొరకదు. పెద్ద తెర మీద, అక్కడే కళ్లు పెట్టి ఉంచండి. పేర్లన్నీ అయ్యాక రేడియోలో గొణిగినట్టు ఓ గొంతు వస్తుంది. దాన్ని తిరగేసి వింటే ‘అది ఇంకా బతికే ఉంది’ అన్న ఇంగ్లిష్ మాట.

మేం ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీశాం. కెమెరా ఊపితే కావాలని ఊపినట్టే ఉంది. ఎందుకు? (విద్యార్థులు, హైదరాబాద్)

మణికట్టుతో ఊపి ఉంటారు. నిజమైన కుదుపు మణికట్టులోంచి రాదు, అడుగుల్లోంచి వస్తుంది. నడిచే మనిషి సెకనుకి సుమారు రెండడుగులు వేస్తాడు, పరుగైతే మూడు. ఆ తాళం లేని ఊపు కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పైగా మీ ఫోన్ 200 గ్రాములుంటుంది. తేలిక వస్తువు వణుకుతుంది, బరువైనది ఊగుతుంది. ‘క్లోవర్‌ఫీల్డ్’కి వాడిన కెమెరాల్లో చిన్నదైన పానసోనిక్ హెచ్‌వీఎక్స్200 కూడా రెండు కిలోల పైమాటే. ఫోన్‌ని ఓ పట్టీకి బిగించి, దానికి పవర్ బ్యాంకు, ఇంకేదైనా బరువు కట్టి మొత్తం ముప్పావు కిలో నుంచి కిలో దాకా తీసుకురండి. రెండు చేతులతో, మోచేతులు పక్కటెముకలకి ఆనించి పట్టుకోవాలి.

రెండో సంగతి, కెమెరా ఎప్పుడూ ఆలస్యంగా రావాలి. చప్పుడు వింటే మనిషి ముందు కళ్లతో చూస్తాడు, తర్వాతే చేయి తిరుగుతుంది. పావు సెకను నుంచి అరసెకను తేడా. చప్పుడుతోపాటే కెమెరా తిరిగితే మీ కెమెరామన్‌కి కథ ముందే తెలుసని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. తిరిగాక కూడా గురి కాస్త దాటిపోయి వెనక్కి రావాలి. మెడకి, చేతికి ఇది దానంతటదే అలవాటు. కాబట్టి ఏ శబ్దం ఎప్పుడొస్తుందో కెమెరా పట్టుకున్నవాడికి చెప్పకుండా ఒక టేక్ తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

హడ్ చనిపోయాక కెమెరా గడ్డిలో పడి ఉంటుంది. ఫోకస్ ఓసారి ముందున్న గడ్డిపరక మీద, ఓసారి వెనకున్న అతని ముఖం మీద, ఎటూ తేల్చుకోలేక అటూఇటూ కొట్టుకుంటుంది. ఊపే లేని ఆ కొన్ని సెకన్లు సినిమా మొత్తంలో అన్నిటికంటే నమ్మకంగా ఉంటాయి. యంత్రం తన పని తాను చేసుకుపోవడం కనిపించాలి. ఊపు అందులో ఒక భాగం మాత్రమే.

విశాఖ బీచ్‌లో సముద్రంలోంచి భారీ జీవి లేచినట్టు నాలుగు నిమిషాల సినిమా తీయాలి. చేతిలో ఫోన్, ఇంట్లో మామూలు కంప్యూటర్, 3డీ బొమ్మలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? (పాఠకుడు, విశాఖపట్నం)

కాగితం మీద మూడు వాక్యాలతో మొదలుపెట్టండి: కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఆ పూట ఎందుకు తీస్తున్నారు, చివరికి ఎవరికి దొరికింది. వీటికి జవాబు లేకుండా ఫోన్ బయటికి తీయొద్దు. నాలుగు నిమిషాలంటే సెకనుకి 25 చొప్పున 6,000 ఫ్రేములు. అందులో జీవి కనిపించేవి మూడు నాలుగు షాట్లు, ఒక్కోటి మూడు నుంచి ఐదు సెకన్లు మించనీయకండి. అంటే షాటుకి 75 నుంచి 125 ఫ్రేములు. మామూలు కంప్యూటర్ మీద ఇంతవరకే రెండర్ అవుతుంది (అంటే 3డీ బొమ్మ పూర్తి ఫ్రేములుగా తయారవుతుంది), అంతకుమించి ఆశపడితే సినిమా డెస్క్‌టాప్ మీదే ఉండిపోతుంది.

షూటింగు 4కేలో, సెకనుకి 25 ఫ్రేములతో, మెయిన్ లెన్స్‌తో మాత్రమే. జూమ్ వద్దు, మధ్యలో వైడ్‌కి మారొద్దు. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి, మీ ఫోన్ యాప్‌లో కుదరకపోతే మాన్యువల్ కంట్రోల్స్ ఇచ్చే యాప్ వేసుకోండి. చాలామంది మరిచేది స్టెబిలైజేషన్, అంటే ఫోన్ తనంతట తానే కుదుపు తగ్గించే సదుపాయం. జీవి వచ్చే షాట్లలో దాన్ని కచ్చితంగా ఆపేయాలి. అది ప్రతి ఫ్రేమునీ కొద్దికొద్దిగా కోసి వంచుతుంది, కెమెరా అసలు ఎలా కదిలిందో తర్వాత బ్లెండర్‌కి అంతుపట్టదు. షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) మామూలు షాట్లకి సెకనులో 50వ వంతు, జీవి షాట్లకి 100 నుంచి 200వ వంతు. 50వ వంతులో విసురుగా తిరిగితే దృశ్యం చారలుగా అలుక్కుపోయి ట్రాకింగ్ చుక్కలు (కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడానికి బ్లెండర్ వెంబడించే గుర్తులు) చెదిరిపోతాయి. ఆ మసకని చివర్లో సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవచ్చు.

ట్రాకింగ్‌లో మీ అసలు శత్రువు సముద్రమే. అలలు, మబ్బులు, తిరిగే జనం దేనికీ పనికిరావు, అన్నీ కదిలేవే. ఫ్రేములో కింది సగమైనా కదలనివి ఉండాలి: గట్టు గోడ, రెయిలింగ్, దీపస్తంభాలు, బండరాళ్లు. గోడ మీద రంగు టేపుతో పది పన్నెండు ఇంటూ గుర్తులు అతికించండి, కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా. నిలబడ్డచోటే తిరిగితే లోతు తెలియదు, అందుకని షాటులో కనీసం ఒకడుగైనా పక్కకి జరగాలి. రెండు దీపస్తంభాల మధ్య దూరం కొలిచి రాసుకోండి, తర్వాత జీవి కొలత దాన్నిబట్టే తేలుతుంది.

కంప్యూటర్‌లో వేసేముందు ఒక పని. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు, 24 నుంచి 26 మధ్య జారుతుంటాయి. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన 25కి మార్చుకోకపోతే ట్రాకింగ్ కొంతదూరం వచ్చి జారుతుంది, మాటలకీ పెదాలకీ పొంతన తప్పుతుంది. బ్లెండర్‌కి లెక్క మొదలుపెట్టడానికి ఎంచుకునే రెండు ఫ్రేముల్లోనూ (కీఫ్రేములు) ఉమ్మడిగా కనీసం 8 చుక్కలు కావాలి. 8తో సరిపెట్టకుండా 15, 20 పెట్టుకోండి. కెమెరా కదలికని లెక్కగట్టించాక (దీన్నే సాల్వ్ అంటారు) వచ్చే ఎర్రర్ ఒక పిక్సెల్ లోపు ఉండాలి, అరకి దిగితే నిశ్చింత. ఎక్కువొస్తే మళ్లీ మళ్లీ సాల్వ్ నొక్కడం దండగ. ఎర్రర్ ఎక్కువున్న చుక్కల్ని ఒక్కొక్కటే తీసేయండి.

జీవిని పెట్టాక నూటికి తొంభైమంది దొరికిపోయేది రంగులో. దూరంగా ఉన్నదాన్ని నల్లగా, పదునుగా పెట్టేస్తారు. సముద్రం మీద ఉప్పు గాలి, తేమ కలిసి దూరపు వస్తువుల్ని పాలిపోయేలా చేస్తాయి. మీ ఫ్రేములోనే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంటే దాని చీకటి భాగం ఎంత లేతగా ఉందో చూడండి. అదే దూరంలోని జీవిలో అంతకంటే నలుపు ఎక్కడా ఉండకూడదు. తర్వాత ఫుటేజీలోని గింజలాంటి నాయిస్‌ని జీవికీ కలిపి, మొత్తాన్ని ఒకసారి తక్కువ నాణ్యతలో కంప్రెస్ చేయండి. జీవి, బీచ్ ఒకే కెమెరాలోంచి వచ్చినట్టు అప్పుడు కుదురుకుంటాయి.

శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. జీవి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే అది నోరు తెరిచిన ఆరు సెకన్లకి అరుపు వినపడాలి. ఈ ఆరు సెకన్ల మౌనం మీకు ఉచితంగా దొరికే భయం, ఎడిటింగ్‌లో తొందరపడి కోసేయకండి. దూరం నుంచి వచ్చే అరుపులో సన్నటి కీచు ఉండదు, గాలి దాన్ని మింగేస్తుంది. బరువైన గుడగుడే మిగలాలి. ఫోన్ మైకుకి అలలు, గాలి తప్ప మాటలు అందవు, నటుల చొక్కా లోపల చిన్న మైకు పెట్టి వేరే ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత కింది బరువు శబ్దాలు, పై కీచు శబ్దాలు కాస్త కోసేయండి. అప్పుడది కెమెరా మైకులో పడ్డట్టే ఉంటుంది.

నటుల చూపు మరవద్దు. లేని జీవిని తలా ఒక ఎత్తులో చూస్తే అంతా పాడు. 100 మీటర్ల జీవి కిలోమీటరు దూరంలో ఉంటే చాచిన చేతి పిడికిలిలో సుమారు సగం ఎత్తు కనిపిస్తుంది. తల వెనక్కి విరిచి ఆకాశంలోకి చూడక్కర్లేదు. దూరంలో లంగరేసిన ఓడనో, స్తంభాన్నో చూపించి అందరూ దాని పైకొసే చూడాలని చెప్పండి.

ఇక జాగ్రత్తలు. జనం తిరిగే వేళ బీచ్‌లో అరుస్తూ పరుగెత్తొద్దు. తెల్లవారుజామున, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి తీయండి. నేవీ స్థావరం ఉన్న ఊరు, డ్రోన్ మాటే ఎత్తకండి. పూర్తయ్యాక ముందూ వెనకా పేర్లు లేకుండా ‘నిజం వీడియో’ అని వాట్సాప్‌లో వదలాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే కాదనండి. విపత్తు గురించి జనం బెంబేలెత్తేలా తప్పుడు హెచ్చరిక వ్యాప్తి చేస్తే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా.

పదేళ్ల పిల్లాడికి చూపించవచ్చా? (పాఠకురాలు, మదనపల్లె)

వద్దు. అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్తపడాలి అనే) రేటింగు ఇచ్చారు. రాబ్ వెంట వెళ్లి సొరంగంలో కాటుకి గురైన మార్లీనా పరిస్థితి, ఆమెని లాక్కెళ్లిన గుడ్డ తెర వెనక దృశ్యం పెద్దవాళ్లకే రెండ్రోజులు గుర్తుంటాయి. పదమూడు దాటాక, పక్కన మీరు కూర్చుని చూపించండి.

ఇది నచ్చింది. ఈ కోవలో తర్వాత ఏం చూడాలి? (పాఠకుడు, బళ్లారి)

2010లో నార్వేలో ఆంద్రే ఓవ్రెదల్ తీసిన ‘ట్రోల్‌హంటర్’. భూతాలున్నాయి, హాస్యముంది, కెమెరా కూడా ఇంత ఊగదు. తెనాలి పాఠకురాలూ నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. మీకు కన్నడం వస్తుంది కాబట్టి 2013 నాటి ‘6-5=2’ కూడా. అందులో భారీ జీవి లేదు, అడవిలో ట్రెక్కింగ్‌కి వెళ్లిన స్నేహితులూ వాళ్ల కెమెరాలూ ఉన్నాయి. ‘క్లోవర్‌ఫీల్డ్’ పేరు చూసి 2016 నాటి ‘10 క్లోవర్‌ఫీల్డ్ లేన్’కి వెళ్తే మాత్రం ఒకటి తెలిసి వెళ్లండి. అది మంచి సినిమానే, కానీ దొరికిన వీడియో కాదు, దాదాపు అంతా ఒక బంకర్‌లో నడిచే మామూలు పద్ధతి కథ.

ట్యూబులైట్ కింద తీస్తే వీడియోలో నల్ల చారలు పాకుతున్నాయి. ఫోన్ పాడైందా? (పాఠకుడు, గుంటూరు)

పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత రకం ట్యూబులైట్లూ చవక ఎల్ఈడీలూ సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఫోన్ షట్టర్ 60వ వంతులో ఉంటే ఆ మినుకుతో పొత్తు కుదరదు. 50వ వంతుకో 100వ వంతుకో మార్చండి, ఫ్రేములు 30 ఉన్నా ఫర్వాలేదు. సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ కనిపిస్తే 50 హెర్ట్జ్ ఎంచుకోండి.